ఒక తల్లి పెట్టిన కిరాణా కొట్టు: ఆల్డీ కథ

మన సంఘాల్లో లోను తీసుకుని కిరాణా కొట్టు పెట్టుకున్న అక్కలు చాలామందే ఉన్నారు. దగ్గర్లో పెద్ద మార్ట్ తెరుస్తున్నారంటే వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. వాళ్ళు అంత తక్కువకి ఎలా ఇవ్వగలుగుతున్నారు? చవక ధరలకు పేరుబడ్డ జర్మనీ కంపెనీ ఆల్డీ చరిత్ర చూస్తే ఈ సంగతి కొంత తెలుస్తుంది. అదీ ఒక ఆడమనిషి పెట్టిన చిన్న కొట్టుతోనే మొదలైంది.

1913లో ఎస్సెన్ ఊరి శివారున, గని కార్మికులు ఉండే పేటలో అన్నా అల్బ్రెక్ట్ ఆ కొట్టు తెరిచారు. ఆమె కొడుకులు కార్ల్, థియో రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946లో దాన్ని చేతిలోకి తీసుకున్నారు. చేతిలో డబ్బు తక్కువ, అందుకని కొన్ని సరుకులే పెట్టారు. డబ్బులొచ్చాక మిగతావీ తెద్దామనుకున్నారట. తీరా చూస్తే, రోజూ కావలసిన ఆ కొన్ని సరుకులతోనే బేరం బాగా సాగింది. ఇక పెంచలేదు. లేమి వల్ల చేసిన పనే తర్వాత వాళ్ళ పద్ధతి అయింది.

ఆ రోజుల్లో అక్కడి సహకార దుకాణాలు కొన్నవాళ్ళకి స్టాంపులు ఇచ్చేవి. వాటిని దాచి, తర్వాత చూపిస్తే కొంత డబ్బు తిరిగొచ్చేది. అన్నదమ్ములు ఆ తతంగం లేకుండా, చట్టం ఒప్పుకున్న 3 శాతం తగ్గింపుని ముందే ధరలో కోసేశారు. ఆడవాళ్ళకి ఇది ఎంత సుఖమో వేరే చెప్పాలా! సరుకు అట్టపెట్టెల్లోంచి తీసి సర్దే పని కూడా పెట్టుకోలేదు, పెట్టె కోసి అలాగే ఉంచేవారు. పనివాళ్ళు తక్కువ, ఖర్చు తక్కువ.

1960 నాటికి 300 కొట్లయ్యాయి. సిగరెట్లు అమ్మాలా వద్దా అని అన్నదమ్ములకి పట్టింపు వచ్చి వ్యాపారం పంచుకున్నారు. ఉత్తరం థియోది, దక్షిణం కార్ల్‌ది. అల్బ్రెక్ట్ డిస్కౌంట్ అన్న మాటల్లోంచి 1962లో ఆల్డీ పేరు వచ్చింది. ఇప్పుడు రెండు కంపెనీలకీ కలిపి, చాలా దేశాల్లో 10,000కు పైగా దుకాణాలున్నాయి.

ఒకటి మాత్రం గమనించాలి. అక్కడ అమ్మే సరుకులో ఎక్కువ భాగం మీద ఆల్డీ పెట్టించిన పేర్లే ఉంటాయి. తయారుచేసిన వాళ్ళ పేరు బయటికి రాదు. పచ్చళ్ళు, పొడులు చేసే మన సభ్యులు పెద్ద షాపులతో ఒప్పందానికి కూర్చున్నప్పుడు లేబుల్ ఎవరి పేరుతో ఉంటుందో ముందే అడగాలి.

ఆల్డీ మన ఊళ్ళకి రాలేదు. 2002లో ముంబైలోని పవాయిలో మొదటి షాపు తెరిచిన డీమార్ట్ మాత్రం మన పట్నాల దాకా వచ్చింది. సరుకు ఇచ్చినవాళ్ళకి త్వరగా డబ్బు కట్టి, అందుకు ధర తగ్గించుకోవడం వీళ్ళ పద్ధతుల్లో ఒకటి. మనం హోల్‌సేల్‌లో అరువు తెస్తే వడ్డీ ధరలోనే కలిసి వస్తుంది, బిల్లు మీద కనబడదు. కొట్టున్న అక్కలు ఒకసారి అడిగి చూడండి: అదే నూనె డబ్బా రొక్కానికైతే ఎంత, అరువుకైతే ఎంత? ఆ తేడాని సంఘం లోను మీద కట్టే వడ్డీ పక్కన రాసి చూడండి.