బారామహల్ సీమ: మైసూరు కుంపిణీ ప్రభుత్వముల వైరము (1767–1799)

నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములును, తిరుపత్తూరు పరిసరములును చేరిన భూభాగమునకు బారామహల్ అని పూర్వ వ్యవహారము. పండ్రెండు దుర్గముల సీమ యని దాని యర్థము. ఆ పండ్రెండు నేవేవి యనుటలో పాత పట్టికలు ఒకదానితో నొకటి పొసగవు గాని, కృష్ణగిరి దుర్గము వానిలో ముఖ్యమైనదనుటలో వివాదము లేదు. దీనికి పడమట హోసూరు, దెంకణికోటలున్న మెట్టసీమ బాలాఘాటు. దక్షిణమున సేలము వైపు పల్లపు సీమ తలఘాటు. ఈ రెంటి నడుమ మేడకు మెట్టువలె నున్నది బారామహల్. శ్రీరంగపట్టణము నుండి చెన్నపట్టణముపైకి దిగు దండుకు ఇదియే దారి. చెన్నపట్టణము నుండి శ్రీరంగపట్టణముపైకి ఎక్కు దండుకును ఇదియే దారి. కావున మైసూరు ప్రభుత్వమునకును, చెన్నపట్టణపు ఇంగ్లీషు కుంపిణీకిని స్నేహమున్నదా, చెడినదా యని తెలిసికొనదలచువారు కాగితములపై నున్న సంధిపత్రములకంటె ముందుగా ఈ సీమలోని కోటలు ఎవరి స్వాధీనమున నుండెనో చూడవలెను.

విజయనగర సామ్రాజ్యము పెనుగొండకు తరలిన పిదప ఈ సీమ చెన్నపట్నపు జగదేవరాయల యేలుబడిలో నుండెను. (ఈ చెన్నపట్నము మైసూరు దేశములోనిది, సముద్రతీరపు చెన్నపట్టణము కాదు.) పిమ్మట మైసూరు ఒడయరులును, వారి వెనుక కడప నవాబులును దీనిని ఏలిరి. పదునెనిమిదవ శతాబ్ది మధ్యకాలమున హైదరలీ కడప నవాబునుండి దీనిని గైకొనెను. అప్పటినుండి కథ వేరు.

మొదటి యుద్ధము 1767 లో ఆరంభమయ్యెను. 1768 లో కుంపిణీ సేన బారామహల్ కోటలను పెక్కింటిని పట్టుకొనెను; ఆ సంవత్సరాంతముననే హైదరు కనుమలు దిగివచ్చి వానిని మరల లాగుకొనెను. ధర్మపురి జనులు ఒక్క యేటిలోనే రెండు జెండాలను చూచిరి. హైదరు అంతటితో నాగక చెన్నపట్టణపు పొలిమేరలకు వచ్చి నిలువగా, కుంపిణీవారు 1769 ఏప్రిలులో సంధికి ఒడంబడిరి. గెలుచుకొనిన సీమలను పరస్పరము మరల ఇచ్చివేయుట, ఒకరిపై శత్రువు దండెత్తివచ్చినచో రెండవవారు తోడ్పడుట, ఇవి యా సంధిలోని ముఖ్యాంశములు.

ఈ రెండవ అంశముననే సకల అనర్థములకును బీజము కలదు. రెండేండ్లు తిరుగకముందే, 1771 లో, పీష్వా మాధవరావు సేనలు మైసూరుపై విరుచుకొనిపడినవి. హైదరు సంధిపత్రమును చూపి సహాయము కోరెను. చెన్నపట్టణమువారు కదలలేదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీ హైదరునకు బద్ధవైరి. మహారాష్ట్రులతో చెలిమి చేయవలెనని కుంపిణీవారిని తొందరపెట్టుచుండెను. వారు కాదనుటకును, ఔననుటకును చాలక కాలము గడపిరి. హైదరు ఒంటరిగా ఓడి, సీమలను, ధనమును సమర్పించి, మహారాష్ట్రులతో రాజీపడెను. ఇంగ్లీషువారి మాట నమ్మదగినది కాదను నిశ్చయము అతని మనస్సున అప్పుడే నాటుకొనెను. హైదరు, టిప్పూల రాజ్యకాంక్షయే ఈ వైరమునంతకును హేతువని పెక్కు గ్రంథములలో వ్రాయబడినది. రాజ్యకాంక్ష లేదనరాదు, కాని 1771 నాటి వాగ్భంగమును ఒక వాక్యములో దాటించివేయువారు మిగిలిన కథను సరిగా చెప్పజాలరు.

తరువాతి కలతకు తెలుగుదేశమే రంగమయ్యెను. ఆదవానిలో నున్న బసాలత్ జంగు నుండి 1779 లో చెన్నపట్టణమువారు గుంటూరు సర్కారును గైకొని, అతని రక్షణకై ఒక పటాలమును పంపిరి. ఆ పటాలము నడువవలసిన దారి కడప సీమది. కడప అప్పటికే హైదరు వశమైయున్నది. అతని సెలవు అడుగకయే సేన బయలుదేరగా హైదరు మనుష్యులు కనుమలో అడ్డగించి వెనుకకు మరలించిరి. ఆ యేడే మలబారు తీరమున ఫ్రెంచివారి మాహే రేవును ఇంగ్లీషువారు పట్టుకొనిరి. అది తన రక్షణలోనిదని హైదరు ముందుగనే హెచ్చరించియుండెను.

అప్పుడు చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు ఒక వింత రాయబారమును నడపెను. తంజావూరు సీమలో మతబోధ చేయుచుండిన ష్వార్జు అను జర్మను పాదిరిని శ్రీరంగపట్టణమునకు పంపెను. ఈతడు దేశభాషలెరిగినవాడు, ధనాశ లేనివాడు. హైదరు ఆ పాదిరిని మిక్కిలి గౌరవించెను. అతనిని పంపినవారిని మాత్రము నమ్మలేదు. వారు తప్పిన మాటలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి పంపివేసెను. ఒక పక్క శాంతివచనములు చెప్పించుచు వేరొక పక్క మాహేపై సేనను నడపుట ఎట్టి నీతియో ఆ గవర్నరునకే తెలియవలెను. 1780 జూలైలో హైదరు మహాసైన్యముతో కనుమలు దిగెను. సెప్టెంబరు 10 వ తేదీన పొల్లిలూరు వద్ద బెయిలీ సేన నాశనమయ్యెను. యుద్ధము ముగియకయే 1782 డిసెంబరు 7 న చిత్తూరు చేరువ నరసింగరాయనిపేట వద్ద దండులో హైదరు మరణించెను. 1784 మార్చి 11 న మంగళూరులో టిప్పు సుల్తానుతో సంధి కుదిరెను. ఎవరి సీమలు వారికే. బారామహల్ మరల మైసూరునకే.

మూడవ యుద్ధమునకు మాత్రము టిప్పు తొందరపాటే కారణము. డచ్చివారి నుండి తిరువాన్కూరు రాజు కొనిన కొడుంగల్లూరు, ఆయకోట అను కోటలు తన సామంతుడగు కొచ్చి రాజు సీమలోనివని అతని వాదము. ఆ వాదమున కొంత బలమున్నను, 1789 డిసెంబరు 29 న తిరువాన్కూరు ప్రాకారములపై పడుటతో ఆ బలమంతయు పోయెను. తిరువాన్కూరు కుంపిణీ మిత్రరాజ్యము. నిజామును, మహారాష్ట్రులును కుంపిణీతో చేరిరి. 1791 జూలైలో హోసూరు, రాయకోట కుంపిణీ సేనల వశమైనవి. ఆ నవంబరులో కృష్ణగిరి పేటను తగులబెట్టిరి గాని కొండపై దుర్గము చిక్కలేదు. సైన్యములకు చిక్కని దుర్గము 1792 మార్చి నాటి శ్రీరంగపట్టణపు సంధిచే చిక్కెను. టిప్పు రాజ్యములో ఇంచుమించు సగము పోయెను. మూడు కోట్ల ముప్పది లక్షల రూపాయల దండుగ పడెను. ఆ సొమ్ము చెల్లువరకు పదేండ్లలోపు వయస్సుగల అతని కుమారులిరువురు చెన్నపట్టణమున తాకట్టుగా నుండవలసివచ్చెను.

ఆ సంధి గీసిన గీత యెట్టిదో కొంచెము నిలిచి చూడవలెను. బారామహల్, తలఘాటు సీమలు కుంపిణీకి వచ్చినవి. హోసూరు, దెంకణికోటలుగల బాలాఘాటు టిప్పునకే మిగిలినది. కాని మెట్టసీమ యంచున, కనుమపై నిలిచిన రాయకోట దుర్గము మాత్రము కుంపిణీ భాగమున పడెను. ఇల్లు టిప్పుది, తలుపు గడియ కుంపిణీది! ఏడేండ్లపాటు హోసూరునకును కృష్ణగిరికిని నడుమ పరదేశపు సరిహద్దు నిలిచెను. ఇరుపక్కల తెలుగు, కన్నడము, తమిళము కలిసి వ్యవహరింపబడు పల్లెలే. సంధి వ్రాసినవారికి ఆ చింత లేదు.

క్రొత్త సీమ పాలనమునకు కుంపిణీవారు ఎన్నుకొనిన మనిషి కెప్టెన్ అలెగ్జాండరు రీడు. యుద్ధకాలమున ఆంబూరు నుండి మైసూరు వేగుల వార్తలు రాబట్టుచుండినవాడు ఈతడే. అతని సహాయకులు మెక్లియడ్, గ్రాహం, థామస్ మన్రో. వీరందరును సైనికోద్యోగులే. ధర్మపురి భాగము మన్రోకు వచ్చెను. అతడు ఊరూరు తిరిగి పొలములను కొలిపించి, రైతుల మొరలు వినుచు ఏడేండ్లు గడపెను. రైతునకును సర్కారునకును నడుమ వేరొకరు లేక శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతి ఈ పల్లెలలో రూపుదాల్చినదే. 1796 డిసెంబరులో రీడు వెలువరించిన ప్రకటన, తనకు గిట్టని భూమిని ఏటికేడు వదలుకొను స్వేచ్ఛ రైతునకిచ్చెను. రైతు మేలు ఇందులో కలదు. అయినను లెక్కలు వ్రాసిన చేతులు కత్తి పట్టిన చేతులే యనుట మరువరాదు. టిప్పును సగము బలముతో మిగిల్చిన కారన్‌వాలీసు సంధిని మన్రో తన లేఖలలో బాహాటముగా ఆక్షేపించెను.

దండుగ చెల్లగా 1794 లో టిప్పు కుమారులను దేవనహళ్లి వద్ద తండ్రికి అప్పగించిరి. వారిని తోడ్కొనిపోయినవాడు డవుటన్ అను సైనికోద్యోగి. ఈ పేరు మరల వచ్చును. 1798 జనవరి 30 న మారిషస్ దీవి ఫ్రెంచి గవర్నరు మలార్టిక్, టిప్పు పక్షమున ఇంగ్లీషువారిపై పోరుటకు జనులు కావలెనని బహిరంగముగా చాటించెను. రహస్యముగా నుండవలసిన రాయబారము ఇట్లు వీధిపాలయ్యెను. చేరిన జనము నూరుమంది. ఆ నూరుగురు టిప్పునకు చేసిన మేలేమియు లేదు. ఆ చాటింపు క్రొత్త గవర్నరు జనరలు మార్నింగ్టనుకు చేసిన మేలు మాత్రము ఇంతింతనరాదు. అతడు ఆగస్టులో వయనాడు తగవును టిప్పు పక్షముననే తీర్చి, లోలోపల సేనలను కూర్చుకొనుచు, నవంబరు 8 న లేఖ వ్రాసి, టిప్పునకు పరిచితుడైన డవుటనునే రాయబారిగా పంపెదననెను. కుమారులను తెచ్చి అప్పగించిన మనిషినైనను టిప్పు వెంటనే రమ్మని పిలువలేదు. తాను వేటకు పోవుచున్నాననియు, డవుటనును కొద్ది పరివారముతో పంపవచ్చుననియు వ్రాసిన ప్రత్యుత్తరము 1799 ఫిబ్రవరి 13 న గాని చేరలేదు. అప్పటికి సేనలు కదలినవి.

హారిసు సేనాని వేలూరు నుండి ఆంబూరు మీదుగా బారామహల్ చొచ్చి, రాయకోట వద్ద విడిసి, మార్చి 5 న మైసూరు సీమలో అడుగిడెను. దండునకు కావలసిన ధాన్యమును, పశువులను సమకూర్చినది రీడు. మన్రోయు అతని వెంట నడచెను. ఏడేండ్లు పొలములు కొలిచిన లెక్కలు ఏ పల్లెలో ఎంత పంటయున్నదో చెప్పుటకు అప్పుడు అక్కరకు వచ్చినవి. మే 4 న శ్రీరంగపట్టణము పడెను. టిప్పు కోట ద్వారముకడ పోరుచు మరణించెను.

హోసూరు సీమ ఆ యేడే కుంపిణీ వశమై సేలము జిల్లాలో చేరెను. రాజ్యముల నడిమి సరిహద్దు తాలూకాల నడిమి పొలిమేర యయ్యెను. మన్రో కన్నడ తీరమునకును, అచటినుండి 1800 లో దత్తమండలములకును పోయెను. ఆ మండలములును 1792, 1799 సంవత్సరములలో టిప్పు నుండి నిజాము పంచుకొనిన సీమలే. ధర్మపురి పల్లెలలో నేర్చిన శిస్తు పద్ధతిని అతడు కడప, బళ్లారి పల్లెలకు తీసికొనిపోయెను. 1827 జూలై 6 న పత్తికొండలో కలరాచే మరణించినది అతడే.