బాల తిరుమలరాయని మరణం: తిమ్మరుసు మీది అభియోగం



మా సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ. ఉదయపు నడకలో నాకు తోడు వచ్చే విశ్రాంత కల్నల్ గారొకరున్నారు. ఉద్యోగకాలంలో అనేక విచారణ సంఘాలలో కూర్చున్నవారు. మొన్న మాటల మధ్య శ్రీకృష్ణదేవరాయల ప్రసక్తి వచ్చింది. ఆయన కుమారుని మరణం గురించీ, తిమ్మరుసు కన్నులు పోయిన వైనం గురించీ నేను నా అలవాటు కొద్దీ పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆయన అంతా ఓపికగా విని మూడు ప్రశ్నలు వేశారు. "మాస్టారూ, విషం పెట్టగా చూసినవారెవరు? ఆ మాట మొదట ఎవరు, ఎప్పుడు రాశారు? ముద్దాయి ఏమని జవాబు చెప్పుకున్నాడు?"

ముప్ఫై ఏళ్లు పిల్లలకు చెప్పిన కథ. ఒక్క ప్రశ్నకూ నా దగ్గర సూటి సమాధానం లేకపోయింది. ఇంటికి వచ్చి పుస్తకాలు ముందు వేసుకున్నాను. ఆ మూడు ప్రశ్నలకు నేను వెతుక్కున్న సమాధానమే ఈ టపా.

ముందు కథ క్లుప్తంగా. రాయలకు తిరుమలదేవి వల్ల కలిగిన కొడుకు తిరుమలరాయడు. 1524లో, ఆ బాలునికి ఆరేళ్ల ప్రాయంలో, రాయలు తాను బ్రతికి ఉండగానే అతనికి పట్టం కట్టాడు. ఆ ఏటి శాసనాలలో బాలుని పేరు పాలకునిగా కనిపిస్తుంది. ఉత్సవాలు ఎనిమిది నెలలు సాగాయట. ఆ సంబరాల నడుమనే బాలుడు జబ్బుపడి కన్నుమూశాడు. విషప్రయోగం జరిగిందని రాయలు నమ్మాడు. మహామంత్రి సాళువ తిమ్మరుసునూ, ఆయన కొడుకులనూ, బంధువులనూ చెరలో వేయించాడు. మూడేళ్ల తరువాత వారి కన్నులు తీయించాడు.

ఇదంతా మనకు ఎక్కడిది? ప్రధానంగా ఒకే ఒక చోటినుంచి వచ్చింది. ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు 1535 ప్రాంతంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విజయనగరంలో ఉండి రాసిన వృత్తాంతమది. అంటే సంఘటన జరిగిన పదేళ్లకు. ఆ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో ఉండిపోగా, డేవిడ్ లోపెస్ 1897లో లిస్బన్‌లో అచ్చువేశాడు. రాబర్ట్ స్యూయెల్ 1900లో దానిని ఆంగ్లంలోకి తెచ్చి తన విజయనగర చరిత్రలో చేర్చాడు. తరువాతి చరిత్రకారులలో చాలామంది ఈ ఘట్టంలో నూనిజ్‌నే అనుసరించారు. పది పుస్తకాలలో ఒకే మాట కనిపిస్తే పదిమంది సాక్షులున్నట్టు మనం భ్రమపడతాము. బావి ఒక్కటే, చేదలు పది.

ఇప్పుడు వాదాలకు వద్దాము.

మొదటిది నూనిజ్ చెప్పిన వాదం: విషం పెట్టినవాడు తిమ్మరుసు కొడుకు. దీనికి చెప్పే కారణం అధికారనష్టం. కొడుకును సింహాసనం మీద కూర్చోబెట్టి రాయలు తానే మంత్రిపదవి తీసుకున్నాడు. అంతవరకూ ఆ పదవిలో ఉన్న తిమ్మరుసు సలహాదారుగా మిగిలాడు. అయితే అదే సందర్భంలో తిమ్మరుసు కొడుకుల్లో ఒకనికి రాయలు గొప్ప పదవి ఇచ్చాడని కూడా నూనిజే అంటాడు. పసివాని పాలనలో ఆ కుటుంబానికి పలుకుబడి పెరిగేదే తప్ప తరిగేది కాదు. పైగా కొండవీటి పాలన తిమ్మరుసు మేనల్లుళ్లయిన నాదెండ్ల వారి చేతుల్లో సాగింది. ఇంత ఉన్నవారు ఇంకేమి కోరి పసివాణ్ణి చంపాలి? మనసులోని దురాశకు కొలత లేదు నిజమే. కాని దురాశ ఉండవచ్చుననడం సాక్ష్యం కాదు.

రెండవది గజపతుల వాదం. నేను బడిలో చెప్పింది ఈ ధోరణినే. ఓడిపోయిన ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి సంధి చేసుకున్నాడు. ఆమె పెళ్లినాటి రాత్రే రాయల ప్రాణం తీయబోగా తిమ్మరుసు కనిపెట్టి తప్పించాడనీ, ఆ తరువాత ఆమె కంభంలో ఒంటరి జీవితం గడిపిందనీ జనశ్రుతి. ఆ పగే బాలుని మీదికి మళ్లిందనీ, నింద తిమ్మరుసు మీద పడేలా చేసిందనీ ఊహ. వినడానికి ఎంతో పొందికగా ఉంటుంది. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' చిత్రంలో గుమ్మడి వెంకటేశ్వరరావు గారిని చూసినవాడెవడూ ఆ మంత్రి దోషి అంటే ఒప్పుకోడు. చిన్నతనంలో టూరింగ్ టాకీసులో చూసి నేనూ ఏడ్చాను. ఆ కన్నీటినే తరువాత తరగతి గదిలో చరిత్రగా పంచిపెట్టాను. కాని నూనిజ్ బాలుని మరణఘట్టంలో గజపతుల పేరైనా ఎత్తడు.

మూడవది, ఎవరికి లాభమన్న ప్రశ్నతో మొదలయ్యే వాదం. బాలుడు పోయాక, 1529లో రాయల తరువాత రాజ్యం ఆయన సోదరుడు అచ్యుతరాయలకు దక్కింది. కనుక అచ్యుతుని పక్షం వారే ఇది చేయించి ఉంటారని కొందరి అనుమానం. అచ్యుతుడు ఆ రోజుల్లో చంద్రగిరిలో నిర్బంధంలో ఉన్నాడని నూనిజ్ కథనం. మరణశయ్య మీద రాయలకు పద్దెనిమిది నెలల కొడుకొకడు ఉన్నాడనీ, వాడు పాలనకు తగిన వయసువాడు కాడు గనుక రాయలే అచ్యుతుణ్ణి ఎన్నుకున్నాడనీ కూడా అదే కథనం. ఫలం అనుభవించినవాడే చెట్టు నాటాడనడం తర్కానికి నిలవదు.

నాలుగవ వాదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది రోగం. బాలుడు ఒక వ్యాధితో మరణించాడనే నూనిజ్ మొదట రాశాడు. విషం మాట ఆ మరణం తరువాత రాజుకు తెలిసిందని పై వాక్యంలో అన్నాడు. ఎవరు తెలిపారో, దేనిని బట్టి తెలిపారో లేదు. మసూచికి టీకా లేని కాలం. విరేచనాలు పట్టుకున్న పిల్లలు రెండు రోజుల్లో పోయే కాలం. రాజుగారి బిడ్డ కూడా బిడ్డే. కాని రాజు బిడ్డ రోగంతో పోయాడంటే లోకం తృప్తిపడదు.

ఇక కల్నల్ గారి ప్రశ్నలకు వద్దాము. నూనిజ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు? వీరభద్ర గజపతి విషయం చూడండి. రాయల దండయాత్రలో పట్టుబడిన ఆ రాకుమారుణ్ణి తక్కువ కులంవానితో కత్తిసాము చేయమన్నారనీ, ఆ అవమానంతో అతడు ప్రాణం తీసుకున్నాడనీ నూనిజ్ రాశాడు. కాని 1516 నాటి దావణగెరె ప్రాంతపు శాసనంలో అదే వీరభద్రుడు మలెబెన్నూరు సీమకు పాలకుడై, పెళ్లి పన్ను తీసివేసి, ఆ పుణ్యాన్ని తన తండ్రికీ కృష్ణరాయలకూ ధారపోసినట్టు ఉంది. బందీని ఇంతగా మన్నించిన సంగతి నూనిజ్ ఎరగడు. ఊళ్లో విన్న మాట రాశాడన్నమాట.

అయితే ఆయన్ను పూర్తిగా కొట్టివేయడమూ న్యాయం కాదు. తిమ్మరుసును బంధించడానికి, అప్పుడు గుర్రాలతో వచ్చి ఉన్న పోర్చుగీసువారి సాయం రాయలు తీసుకున్నాడని ఆయన రాశాడు. ఆ సంగతి తన దేశస్థుల నోట ఆయన విని ఉండడానికి అవకాశముంది. అంటే బంధించడం చూసినవారున్నారు. విషం పెట్టడం చూసినట్టు చెప్పినవారు లేరు. ఒకే వృత్తాంతంలో ఒక మాటకు బలం ఉండి, పక్కమాటకు లేకపోవచ్చు. ఈ తేడా నేను ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ పిల్లలకు చెప్పలేదు.

మూడవ ప్రశ్న మరీ బాధ పెడుతుంది. కొలువులో రాయలు చేసిన ప్రసంగాన్ని నూనిజ్ వివరంగా ఇచ్చాడు. దానికి వెనుక కథ ఉంది. రాయల అన్న వీరనరసింహుడు అవసానదశలో తమ్ముని కన్నులు తీయించమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు కృష్ణరాయణ్ణి దాచి, మేకకన్నులు చూపించి కాపాడాడట. కొలువులో రాయలు ఆ ఉపకారాన్నే నేరంగా తిప్పాడు: నా అన్న నీ ప్రభువు, ఆయన ఆజ్ఞను నీవు నెరవేర్చలేదు, మేకకన్నులతో మోసగించావు, కనుక నాడే నీవు ద్రోహివి, నేడు నా కొడుకుకు నీవూ నీ కొడుకులూ విషం పెట్టారని తెలిసింది, మీరంతా బందీలు. ఆ మాటల సారాంశం ఇది. తిమ్మరుసు ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారని కూడా లేదు.

ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టం చదివినవారికి ఇక్కడ గుండె కలుక్కుమంటుంది. మరణదండన పడినవానికి మూడుసార్లు మొరపెట్టుకునే వీలు ఇవ్వాలని రాయలే అక్కడ చెప్పాడు. తప్పించుకుంటే రాజ్యానికి ముప్పు తెచ్చేవాని విషయంలో మాత్రం ఆలస్యం వద్దని మినహాయింపు పెట్టాడు. బహుశా తిమ్మరుసును ఆ మినహాయింపు కింద చేర్చుకున్నాడేమో. పుత్రశోకంలో ఉన్న తండ్రి మినహాయింపులనే చూస్తాడు.

ఆ తరువాత తిమ్మరుసు కొడుకు ఒకడు చెరనుంచి పారిపోయి, కొండకోటలో చేరి రాజుతో యుద్ధానికి దిగాడు. పట్టుబడ్డాక తండ్రితో, సోదరునితో సహా అతని కన్నులు తీయించారు. బ్రాహ్మణులను చంపరాదు గనుక ఈ శిక్ష అని నూనిజ్ వివరణ. ఆ కొడుకు చెరలోనే పోయాడు. పెనుకొండలో తిమ్మరుసును బంధించిన చోటని స్థానికులు నేటికీ ఒక కట్టడాన్ని చూపిస్తారు. ఇంకొక చిత్రం: తిమ్మరుసు స్థానంలో రాయలు నియమించిన మంత్రి, వెనుక పెనుకొండలో సాళువ నరసింహుని కొడుకును చంపినవాని కుమారుడట. ఇదీ నూనిజ్ మాటే. బాలరాజుల ప్రాణం ఆ రాజ్యంలో ఎంత చులకనో దీనితో తెలుస్తుంది. 1542లో అచ్యుతుని కొడుకు, బాలుడైన వేంకటరాయడు, మేనమామ చేతిలోనే హతమయ్యాడంటారు.

ఇంగ్లండులోనూ ఇటువంటి చిక్కుముడి ఉంది. 1483లో పన్నెండేళ్ల అయిదవ ఎడ్వర్డ్, తొమ్మిదేళ్ల అతని తమ్ముడు లండన్ టవర్‌లో కనిపించకుండా పోయారు. నింద పినతండ్రి మూడవ రిచర్డ్ మీద పడింది. 1674లో అక్కడ దొరికిన ఎముకలను 1933లో పరీక్షించినా వివాదం తేలలేదు. అక్కడ యుద్ధంలో ఓడి చచ్చిన రాజు దోషి అయ్యాడు. ఇక్కడ చెరలో పడ్డ మంత్రి దోషి అయ్యాడు. రెండు చోట్లా ఓడినవానికి జవాబు చెప్పుకునే వీలు లేకపోయింది.

ఇది పాతకాలపు రాచరికపు జబ్బని అనుకోనక్కరలేదు. 2007లో విజయవాడ దగ్గర ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2010లో ఒక యువకునికి యావజ్జీవ శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. మళ్లీ దర్యాప్తు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు న్యాయం కావాలి. ఎవరో ఒకరు దొరకడం న్యాయం కాదు. తప్పు మనిషి దొరికితే ఆ బిడ్డకు రెండోసారి అన్యాయం జరిగినట్టే, అసలు దోషిని వెతకడం అక్కడితో ఆగిపోతుంది గనుక.

ఇంతకూ నా నిర్ణయం ఏమిటని అడుగుతారు. ఇందులో మూడు వేర్వేరు మాటలున్నాయి. బాలుడు మరణించాడు: ఇది నమ్మదగినది. విషంతో మరణించాడు: ఇది రాజు నమ్మకం, రుజువు లేదు. విషం పెట్టింది తిమ్మరుసు కుటుంబం: ఇది ఆ నమ్మకం మీద కట్టిన నమ్మకం. తిమ్మరుసు నిర్దోషి అని నేను రుజువు చేయలేను. దోషి అని కూడా ఎవరూ రుజువు చేయలేదు. గజపతుల మీద నేను వేసిన నింద సంగతీ అంతే. ఒక నిరాధార నిందను తుడవడానికి నేను మరొక నిరాధార నింద వాడుకున్నాను. నా దగ్గర చదువుకున్నవారెవరైనా ఇది చదువుతుంటే, ఆ పాఠాన్ని ఇలా దిద్దుకోవలసిందిగా నా మనవి.

మరొక మాట. ఇన్నేళ్లూ మనం మంత్రి కన్నుల గురించే వాదించుకున్నాము. తిరుమల ఆలయంలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఆ స్వామి పేరు పెట్టుకున్న బిడ్డ ప్రతిమ వారి పక్కన లేదు. అతనికి ఏ జబ్బు చేసిందో, చివరి రోజుల్లో పక్కన ఎవరున్నారో రాసినవాడు లేడు.

తుమకూరు దగ్గర హొన్నేనహళ్లి శాసనం 2022లో వెలుగులోకి వచ్చి, రాయలు 1529 అక్టోబరు 17న అస్తమించాడని తెలిపింది. అన్నేళ్లు ఊరి మధ్య ఉన్న రాయి అది. బాల తిరుమలరాయని గురించి కూడా ఏ గుడిగోడ మీదనో ఒక పంక్తి ఉండకపోదు. తారణ సంవత్సరం, శకవర్షం 1446 అని ఉన్న శాసనం మీ ఊరి పరిసరాలలో కనిపిస్తే పాఠం రాసి పంపండి. కల్నల్ గారికి, నాకు ఇద్దరికీ ఆసక్తే.