రిజిస్టరుకెక్కని వంశం

ఠాణాలో మున్షీ పెద్ద రిజిస్టరు తెరిచాడు. ఎదురుగా యాభై దాటిన హిజ్రా నిలబడి ఉంది. వెనక గోడవారగా ఆమె శిష్యులు, ఇద్దరు చేలాలు.

"నామ్?"

చెప్పింది.

"బాప్ కా నామ్?"

ఆమె తన గురువు పేరు చెప్పింది. మున్షీ తలెత్తాడు.

"గురు కో ఛోడ్. బాప్ కా నామ్ బోల్."

"మేరేకు పాలే సో ఉనోయిచ్ హైఁ, సాబ్."

నన్ను సాకింది వాళ్ళే అని ఆమె చెప్పిన మాట మున్షీ చెవికెక్కలేదు. తండ్రి పేరు దగ్గర గీత గీసి కిందికి దిగాడు. ఏడాది తిరక్కుండానే, ఒక పెళ్ళివారి వాకిట్లో బధాయి పాడుతుండగా జవాను వచ్చి ఢోలక్ ఆపించాడు. చీర కట్టుకుంది, గాజులు తొడుక్కుంది, వీధిలో పాడింది. పేరు రిజిస్టర్లో ఉంది కనుక వారంటు అక్కర్లేదు.

ఈ మనుషులనూ మాటలనూ నేను అల్లాను. చట్టం మాత్రం నిజం. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం రాజ్యం ఆ చట్టం తెచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, బలవంతంగా హిజ్రాలుగా మారుస్తారనో అనుమానం తగిలినవాళ్ళ పేర్లతో హైదరాబాద్ నగరంలో రిజిస్టరు పెట్టాలి. అందులో ఉన్నవాళ్ళు ఆడబట్టల్లో, నగలతో వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల మీద పెట్టిన భాగమే దీనికి నమూనా.

ఆ చట్టంలో ఇంకో నిబంధన ఉండేది. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. రిజిస్టర్లో ఉన్నవాళ్ళు పదహారేళ్ళ లోపు మగపిల్లాడిని దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. హిజ్రా ఇంట్లో వంశం నెత్తుటి ద్వారా నడవదు. గురువు చేలాను చేర్చుకుంటుంది, ఆ చేలా రేపు గురువవుతుంది, గురువుకు గురువు నానీ. హైదరాబాద్‌లో షహర్‌వాలే, లష్కర్‌వాలే అని రెండు ఇళ్ళ పరంపరలున్నాయి. పాతబస్తీ పక్క ఒకటి, సికింద్రాబాద్ పక్క ఒకటి. ఇంట్లోంచి గెంటేసిన పన్నెండేళ్ళ పిల్లాడు వచ్చి గడప దగ్గర కూర్చుంటే అన్నం పెట్టిన చెయ్యి జైలుకు పోవాలి. అంటే ఆ చట్టం ఆటపాటలతో పాటు వారసత్వాన్నీ నేరం చేసింది.

పాతబస్తీకి వంశం తెగిన మనుషులు కొత్త కాదు. పురానాపూల్ దగ్గర మియాన్ మిష్క్ మసీదు ఉంది. 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీ కొలువులో పెద్ద పదవికెక్కిన ఒక హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు, కట్టించింది. ఏసీ గార్డ్స్ అని మనం అలవాటుగా పలికే పేట పేరులో ఉన్నది నిజాం ఆఫ్రికన్ అశ్వదళం. సముద్రం దాటించి బానిసలుగా తెచ్చినవాళ్ళకు తాతముత్తాతల జాబితా ఎవరూ రాసి పెట్టలేదు. అధికారం దొరికిన ఒకరిద్దరి పేర్లు రాతికెక్కాయి, మిగిలినవాళ్ళు పేటల పేర్లలో కలిసిపోయారు.

అమెరికాలో నల్లజాతి క్వీర్ దర్శకులు సరిగ్గా ఈ లేమి దగ్గరే సినిమా మొదలుపెట్టారు. చెరిల్ డున్యే 1996లో 'ది వాటర్‌మెలన్ వుమన్' తీసింది. వీడియో దుకాణంలో పనిచేసే నల్లజాతి అమ్మాయి, 1930ల నాటి ఒక నల్లజాతి నటిని వెతుక్కుంటూ పోతుంది. ఆ నటికి ఆడవాళ్ళతో ప్రేమ. పాత ఫోటోలు, ఉత్తరాలు, ఇంటర్వ్యూలు అన్నీ తెర మీద కనబడతాయి. చివర్లో డున్యే ఆ నటి కల్పిత పాత్రేనని చెబుతుంది. రాసిపెట్టిన చరిత్రలో తనలాంటివాళ్ళు దొరకలేదు గనుక తానే ఒక పూర్వికురాలిని చేసుకుంది. ఆమె కంటే ముందు, 1989లో, మార్లన్ రిగ్స్ నల్లజాతి గే మగవాళ్ళ గురించి 'టంగ్స్ అన్‌టైడ్' తీశాడు. 1991లో దాన్ని ప్రసారం చేయడానికి చాలా పబ్లిక్ టీవీ స్టేషన్లు ఒప్పుకోలేదు. 1994లో, ముప్పై ఏడేళ్ళకే, ఎయిడ్స్‌తో చనిపోయే దాకా అతను సినిమా పని మానలేదు. చివరి సినిమాను స్నేహితులు పూర్తి చేశారు.

ఇక మన ఊరు. 2017లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త రచన ముద్రబోయిన కెమెరా ముందు కూర్చుంది. దర్శకుడు మోసెస్ తులసి. తెలంగాణ క్వీర్ స్వాభిమాన యాత్ర మీద అంతకుముందే 'వాకింగ్ ద వాక్' డాక్యుమెంటరీ తీసినవాడు. వాళ్ళు మొదలుపెట్టిన యూట్యూబ్ చానల్ పేరు ట్రాన్స్‌విజన్. తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో ట్రాన్స్ మహిళలే కూర్చుని తమ శరీరం గురించి, హక్కుల గురించి, తమ మీద జనానికున్న అపోహల గురించి చెప్పారు. స్టూడియోల ఊళ్ళో ఇది చిన్న ప్రయత్నమే. కానీ తెలుగు తెర దశాబ్దాలుగా నవ్వులాటకు వాడుకున్న మనిషి, ఈసారి తానే ప్రేక్షకుడి కళ్ళలోకి చూసి మాట్లాడింది. నా లెక్కలో ఆ ఏడాది హైదరాబాద్‌లో జరిగిన పెద్ద సినిమా సంఘటన అదే.

మరుసటి ఏడాదే ఫోన్లలో వేరే వీడియోలు తిరిగాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్ పుకార్లు. 2018 మే నెలాఖరు, రంజాన్ రోజులు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి భిక్షకు వచ్చిన ట్రాన్స్ మహిళలను చాంద్రాయణగుట్టలో గుంపు చుట్టుముట్టింది. ఎవరు మీరు, పిల్లలెక్కడ అని అరుపులు. రాళ్ళు. వాళ్ళలో ఒకరు చనిపోయారు. 1919 చట్టంలో రాసిన అనుమానమే తొంభై తొమ్మిదేళ్ళ తర్వాత గుంపు నోట వినబడింది. రిజిస్టరు ఎప్పుడో మూతపడి ఉండొచ్చు, అందులోని మాట మాత్రం వీధుల్లో బతికే ఉంది.

విచిత్రమేమంటే అప్పటికి చట్టం కూడా బతికే ఉంది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది, ఇది మాత్రం పేరు ముందు 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)' అని చేర్చుకుని కొనసాగింది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకున్న తర్వాతా కదల్లేదు. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు దీని మీద హైకోర్టుకెక్కారు. అదే ఏడాది కోర్టు చట్టం అమలును ఆపింది.

మూసీ ఒడ్డున మదీనా పక్కనున్న ఆ హైకోర్టు భవనం కట్టడం పూర్తయింది కూడా 1919లోనే. చట్టమూ భవనమూ ఒకే నిజాం హయాం. 2023 జులై 6న, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగం 14, 21 అధికరణాలకు విరుద్ధమని చెప్పింది. విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలనీ, ఆసరా పింఛను ఇవ్వాలనీ ప్రభుత్వానికి చెప్పింది.

ఈ కథను రెండున్నర గంటల సినిమాగా తీయమని నేను పెద్ద నిర్మాతలను అడగడం లేదు. ఫోన్‌తో తీయగలిగిన కుర్రవాళ్ళను, ఫిల్మ్ కోర్సులు చదివే పిల్లలను అడుగుతున్నాను. పాతబస్తీ ఇళ్ళలో పెద్ద వయసు గురువులున్నారు. వాళ్ళ గురువుల పేర్లు, నానీల పేర్లు, ఎవరు ఎవరిని చేరదీశారో వాళ్ళకు నోటికి వచ్చు. వాళ్ళు పోతే అవీ పోతాయి. వెళ్ళి అడగండి. ఒప్పుకుంటేనే తీయండి, వద్దంటే దండం పెట్టి వచ్చేయండి. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో వాళ్ళనే చెప్పనివ్వండి. తీసినదాని మీద హక్కు వాళ్ళ పేరు మీద కూడా రాయండి.