లెక్కపుస్తకంలో 309

ఆడదీ తుపాకీ అంటే మనకు సినిమాలే గుర్తొస్తాయి కదండీ! లుద్మిలా పావ్లిచెంకో సంగతి వేరు. 1941లో జర్మన్లు సోవియట్ దేశం మీద పడేనాటికి ఆవిడ కీవ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థిని, ఓ పిల్లవాడి తల్లి. నర్సుగా వెళ్ళమంటే ఒప్పుకోక, చాటునుంచి గురిచూసి కాల్చే స్నైపర్‌గా చేరింది. ఒడెస్సా, సెవస్తపోల్ యుద్ధాల్లో ఆవిడ పేర రాసినవి 309 ప్రాణాలు. అందులో 36 మంది అవతలి స్నైపర్లే.

ఎవరు లెక్కపెట్టారూ అంటారా? మనం పాలలెక్క రాసుకున్నట్టే సోవియట్ స్నైపర్లకూ చిన్న పుస్తకం ఉండేది. కాల్చినవాళ్ళ మాట ఒక్కటే చాలదు, చూసినవాళ్ళు ధ్రువపరచాలి. అయినా అంత దూరాన కూలినవాడు పోయాడో, గాయపడ్డాడో ఎలా తెలుస్తుంది? పైగా ప్రచారానికి పెద్ద అంకెలు కావాలాయె. అందుకే ఈ లెక్కను శంకించే చరిత్రకారులూ ఉన్నారు. ఆ శంక సబబేనని నాకూ తోస్తుంది.

1942లో గాయపడ్డాక ఆవిణ్ణి అమెరికా పంపారు, జర్మనీపై ఐరోపాలో మరో వైపునుంచీ యుద్ధం తెరవమని అడగడానికి. అక్కడి విలేకరులు ఏమడిగారో తెలుసా? యుద్ధభూమిలో ముఖానికి రంగులు పూసుకుంటారా అని! మీ స్కర్టు మరీ పొడుగు, లావుగా కనిపిస్తున్నారని మరొకరు. ఒళ్ళు మండదూ? అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్వెల్ట్ మాత్రం ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళు తిప్పింది. 1957లో మాస్కో వెళ్ళినప్పుడు పట్టుబట్టి ఆవిడ ఇంటికీ వెళ్ళింది.

యుద్ధమయ్యాక పావ్లిచెంకో ఆగిన చదువు పూర్తిచేసి, నౌకాదళ ప్రధాన కార్యాలయంలో చరిత్ర పరిశోధకురాలిగా చేరింది.