గుడారాల బత్తా నుంచి కంపెనీ కార్డు దాకా

పని మీద ఊరు దాటిన ఉద్యోగి ఖర్చు ఎవరిది? రెండు వందల ఏళ్ల కిందట ఈ లెక్క తేలకే బందరు (మచిలీపట్నం) కోటలో తెల్లదొరలు తమ దొరనే నిర్బంధించారు.

ఆ కథకు ముందు ఒకసారి శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడకు వెళ్దాం. నౌపడ పేరు చెబితే ముందు ఉప్పు గుర్తొస్తుంది, ఆ తరువాత గుణుపురం రైలు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి దాదాపు 7 లక్షల రూపాయలు పెట్టి వేయించిన రెండున్నర అడుగుల లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. 2010, 2011ల్లో రెండు విడతలుగా బ్రాడ్‌గేజి రైలు వచ్చింది.

ఉప్పు మడుల మీద పన్ను లెక్క చూసేవాడు, పట్టాలు తనిఖీ చేసేవాడు, సంస్థానం పని మీద తిరిగే గుమాస్తా... యజమాని ఎవరైనా వీళ్లందరి ఇబ్బందీ ఒకటే. బండి కూలి, పూటకూళ్లింటి భోజనం, సత్రంలో బస ఇవన్నీ ముందు ఎవరి జేబులోంచి పోవాలి?

రైల్వేలు దీనికి మూడు దారులు పట్టాయి. మొదటిది పాసు: డబ్బు చేతికివ్వకుండా ప్రయాణమే ఇచ్చేయడం. రెండోది ఇంప్రెస్ట్: స్టేషన్ మాస్టరు దగ్గర చిల్లర ఖర్చులకు కొద్దిపాటి సొమ్ము ఉంచి, ఓచర్లు పంపినప్పుడల్లా ఖర్చైనంత మేరకు మళ్లీ నింపడం. మూడోది టీఏ బిల్లు: ఉద్యోగి ముందు సొంత డబ్బు పెట్టుకుని, తరువాత బిల్లు రాసి, మంజూరు కోసం ఎదురుచూడటం. ఇవాళ బ్యాంకులు అమ్మే కార్డుల్లో చాలావాటికి ఈ మూడింటిలో ఏదో ఒకటి ముత్తాత. నాలుగో దారి కూడా ఒకటుంది. లెక్క అడగకుండా నెలకింత అని ఇచ్చేయడం. దాని కథ బందరులో నడిచింది.

బత్తా తెచ్చిన తిరుగుబాటు

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారులు జీతంతో పాటు బత్తా మీద కూడా గట్టిగా ఆశ పెట్టుకునేవారు. 1766లో బెంగాల్‌లో రాబర్ట్ క్లైవ్ ‘డబుల్ బత్తా’ తీసేస్తే అక్కడి అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. క్లైవ్ మద్రాసు నుంచి వేరే అధికారులను రప్పించి ఆ గొడవ అణిచాడు.

తరువాతి వంతు మద్రాసు సైన్యానిది. 1802లో అక్కడ ‘టెంట్ కాంట్రాక్టు’ అనే ఏర్పాటు వచ్చింది. సిపాయి పటాలాన్ని నడిపే అధికారికి గుడారాల నిర్వహణ కోసం నెలనెలా ఇంత అని కట్టబెట్టేవారు. పటాలం యుద్ధంలో ఉన్నా, కంటోన్మెంటులో కూర్చున్నా అదే సొమ్ము. గుడారాలు తక్కువ పెట్టుకుంటే మిగులు ఆయనకే. క్వార్టర్ మాస్టర్ జనరల్ జాన్ మన్రో దీన్ని పరిశీలించాడు. రాయలసీమ జనం తలుచుకునే థామస్ మన్రో కాదు, ఈయన వేరు. ఈ పద్ధతిలో అధికారి బాధ్యత ఒక వైపు, స్వలాభం మరో వైపు లాగుతున్నాయని ఆయన నివేదిక రాశాడు. 1808లో ప్రభుత్వం కాంట్రాక్టు రద్దు చేసింది.

సొమ్ము పోయినందుకు బాధ ఎలాగూ ఉంది. నివేదికలోని ఆ మాట మంటలో నెయ్యి పోసింది. తమ నిజాయితీనే శంకించాడంటూ అధికారులు మన్రో మీద అభియోగాలు పెట్టారు. 1809 జనవరిలో సేనాధిపతి హే మెక్‌డోవల్ ఆయన్ను నిర్బంధించాడు. గవర్నరు జార్జి బార్లో ప్రభుత్వం విడిపించింది. ఇంగ్లండుకు ఓడెక్కిన మెక్‌డోవల్ ఆ ఓడతో పాటే సముద్రంలో గల్లంతయ్యాడు. రగడ మాత్రం ఆగలేదు. జూన్‌లో మచిలీపట్నంలోని మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ కమాండరు లెఫ్టినెంట్ కర్నల్ ఇన్నెస్‌ను నిర్బంధించారు. అలజడి హైదరాబాదు, శ్రీరంగపట్నం దళాలకు పాకింది. సర్దిచెప్పడానికి జాన్ మాల్కంను బందరు పంపారు. చివరికి గవర్నర్ జనరల్ లార్డ్ మింటో స్వయంగా మద్రాసు రావలసి వచ్చింది.

ఇందులో ఇద్దరి పక్షానా కొంత న్యాయం ఉంది. లెక్క అడగని బత్తా మనిషిని చెడగొడుతుందని మన్రో పట్టుకున్న లోపం నిజమే. అయితే ఏర్పాటులోని లోపాన్ని మనుషుల గుణం మీదకు నెడితే నమ్మకమైన కొలువుగాడు కూడా ఎదురు తిరుగుతాడు.

బందరు బ్యాంకు కార్డు

ఉద్యోగి ఖర్చుకు తరువాత దొరికిన దారి కార్డు. అమెరికాలో 1936 నాటికే విమాన సంస్థలు ఎయిర్ ట్రావెల్ కార్డు తెచ్చాయి. ప్రయాణం ఉద్యోగిది, ఖాతా కంపెనీది. 1950లో న్యూయార్క్‌లో పుట్టిన డైనర్స్ క్లబ్ ఆ సౌకర్యాన్ని హోటళ్లకు తీసుకొచ్చింది. మన దేశంలో బ్యాంకుల క్రెడిట్ కార్డులు 1980 ప్రాంతంలో మొదలయ్యాయి. 1981లోనే కార్డు తెచ్చి, తొలి వరుసలో నిలిచింది ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆ బ్యాంకును స్థాపించింది, బత్తా గొడవ చూసిన మచిలీపట్నంలోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఏ ఖర్చుకు ఏ కార్డు

ఇప్పుడు మళ్లీ నౌపడకు వద్దాం. ఇదే మండలంలోని మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఉప్పు వర్తకుడైనా, రేవు పనుల కాంట్రాక్టరైనా మనుషుల్ని, లారీల్ని దూరాలకు పంపక తప్పదు.

ఉప్పు లోడుతో ఒక లారీ బయలుదేరిందనుకోండి. మడపాం టోలు దగ్గర ఫాస్టాగ్ పని చూసుకుంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద అది తప్పనిసరి. డీజిలుకు చమురు కంపెనీల ఫ్లీట్ కార్డులున్నాయి. ఈ రెండూ రైల్వే పాసుకు వారసులు: ఫాస్టాగ్ డబ్బుతో డ్రైవరు భోజనం చేయలేడు, ఇంధన కార్డుతో చొక్కా కొనలేడు. దారిలో పంక్చరుకో, లాడ్జికో ప్రీపెయిడ్ కార్డు సరిపోతుంది. అది నేటి ఇంప్రెస్ట్. పోగొట్టుకున్నా నష్టం అందులో వేసినంత వరకే.

మేనేజర్లకు, సరుకు అమ్మకాలకు తిరిగేవాళ్లకు ఇచ్చే కంపెనీ క్రెడిట్ కార్డు వేరు. గడువులోగా కడితే వడ్డీ లేని అప్పు, దాటితే భారీ వడ్డీ. ఇక్కడే ఒప్పందం జాగ్రత్తగా చదవాలి. బాకీకి బాధ్యత కంపెనీదా, ఉద్యోగిదా, ఇద్దరిదీనా? ఉద్యోగిదని రాసి ఉంటే, కంపెనీ బిల్లు ఆలస్యం చేసిన నెలలో ఆయన సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. అది పాత టీఏ బిల్లు కంటే అన్యాయం. వ్యాపార కార్డులపై సొమ్ము దేనికి వాడుతున్నారో గమనించే ఏర్పాటు ఉండాలని రిజర్వు బ్యాంకు కార్డు సంస్థలను ఆదేశించింది.

చాలా దాబాల్లో టీ, భోజనానికి కార్డు గీకలేరు. అక్కడ రోజు బత్తానే మేలు. అయితే టెంట్ కాంట్రాక్టును మరిచిపోకుండా, లారీ రోడ్డు మీద ఉన్న రోజులకే ఇవ్వాలి.

కార్డు ఉందని కాగితం పారేయకూడదు. 2017 జులైలో వచ్చిన జీఎస్టీ కింద ఇన్‌పుట్ క్రెడిట్ కావాలంటే కంపెనీ జీఎస్టీ నంబరుతో ట్యాక్స్ ఇన్వాయిస్ ఉండాలి, కార్డు మిషను చీటీ చాలదు. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే, లారీ కిరాయి వంటి మినహాయింపులు తప్ప, ఆ ఖర్చును ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు. పెద్ద చెల్లింపులకు కార్డో, బ్యాంకు బదిలీయో వాడటానికి ఈ ఒక్క కారణం చాలు.

కాబట్టి కార్డు తీసుకోబోయే యజమానికి ఒక మాట. రివార్డు పాయింట్ల పట్టిక పక్కన పెట్టండి. బాకీ బాధ్యత కంపెనీ పేరునే ఉంచండి. ఎవరికి, దేనికి, రోజుకెంత అన్న పరిమితి ముందే రాసి ఉద్యోగికి చూపించండి. బిల్లు ఇచ్చిన వారంలోగా లెక్క తేల్చండి. ఓచరు తగ్గిందని కనిపిస్తే నింద వేసే ముందు వివరం అడగండి. ఈ నాలుగూ కుదరని కార్డు, ఎంత ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు.