మోంట్‌సెరాట్‌లో ఓటు ఎప్పుడు బలహీనపడింది?

కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ అధీన ద్వీపం మోంట్‌సెరాట్. దాని ఎన్నికల చరిత్రను అగ్నిపర్వతానికి ముందు, తర్వాత అని రెండుగా విడగొట్టి చెప్పడం పరిపాటి. 1995 జులైలో సూఫ్రియర్ హిల్స్ రగిలింది, రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది, జనంలో సగానికి మించి వలసపోయారు. ఇదంతా నిజమే. కానీ అక్కడి ఓటుకు గండి పడింది అంతకు ఆరేళ్ల ముందు. 1951లో వయోజన ఓటుహక్కు రావడం, కార్మిక నేత విలియం బ్రాంబుల్ ఎదగడం, 1970లో కొడుకు ఆస్టిన్ చేతిలోనే ఆయన ఓడడం, 1978లో జాన్ ఆస్బోర్న్ పార్టీ ఏడుకు ఏడు స్థానాలూ గెలవడం అందరికీ తెలిసిన ఘట్టాలే.

అసలు చూడాల్సింది 1989. ఆస్బోర్న్ హయాంలో ఇంత చిన్న దీవిలో వందలాది విదేశీ బ్యాంకులు లైసెన్సులు పొందాయి. వాటిలో మోసాలు బయటపడ్డాయి. బ్రిటన్ లైసెన్సులు రద్దు చేయించడంతో ఆగలేదు. కొత్త రాజ్యాంగ ఉత్తర్వుతో అంతర్జాతీయ ఆర్థిక సేవల రంగాన్ని ఎన్నికైన మంత్రుల చేతుల్లోంచి తీసి గవర్నర్‌కు అప్పగించింది. అదే ఏడాది సెప్టెంబరులో హ్యూగో తుపాను దీవిని నేలమట్టం చేసింది. పునర్నిర్మాణానికి లండన్ సాయం కోసం ఎదురుచూస్తున్న జనం అదే లండన్‌తో గట్టిగా తలపడే స్థితిలో లేరు. మోసాన్ని అరికట్టక తప్పదు కదా అనవచ్చు. అరికట్టాల్సిందే, అందులో పేచీ లేదు. అయితే 1991 ఎన్నికల్లో ఓటర్లే ఆస్బోర్న్ పార్టీని ఒక్క స్థానానికి దించారు. శిక్షించే శక్తి వారికి ఉందని రుజువైనా, తీసుకున్న అధికారం తిరిగి రాలేదు.

అగ్నిపర్వతం ఎన్నికలను ఆపలేకపోయింది. 1996 నవంబరులో, కొండ రగులుతుండగానే, పాత ఏడు నియోజకవర్గాల పద్ధతిలోనే పోలింగ్ జరిగింది. 2001లో దీవి అంతటినీ ఒకే నియోజకవర్గం చేసి, ఒక్కో ఓటరుకు తొమ్మిది మందిని ఎన్నుకునే వీలు కల్పించారు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాక ఈ మార్పు సబబే, కానీ ఫలానా ఊరికి ఫలానా సభ్యుడే బాధ్యుడనే పద్ధతి దాంతో పోయింది. 2024 అక్టోబరులో రూబెన్ మీడ్ కూటమి తొమ్మిదింట అయిదు గెలిచింది. కానీ ఎవరు గెలిచినా, ప్రభుత్వ ఖర్చులో సగానికి పైగా బ్రిటన్ సాయం మీదే నడుస్తోంది. 2011లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ముఖ్యమంత్రిని ప్రీమియర్‌ని చేసింది గానీ, అంతర్జాతీయ ఆర్థిక సేవల నియంత్రణను మాత్రం గవర్నర్ చేతిలోనే ఉంచింది.