చిట్టా పుస్తకం నుంచి కాకి కాలు దాకా: పట్టికలు గీసుకునే పరికరాల కథ

ప్రతి ఏడాది ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదువుకుంటాం. ఈసారి ఆ అంకెలు ఏ గళ్లలో కూర్చుంటున్నాయో, ఆ గళ్ల కథ కూడా రాయమని పాలకవర్గం మా లెక్కల కమిటీని అడిగింది. గళ్లకు కూడా కథ ఉంటుందా అని మీలో కొందరు నవ్వుతారని తెలుసు. మేమూ మొదట నవ్వాం. తర్వాత ఒక సమావేశంలో నవ్వు ఆగిపోయింది.

మన గ్రామ సంఘాల్లో ఒకదాంట్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న సభ్యులు ఇద్దరున్నారు. ఒకామె పెద్దావిడ, ఇంకొకామె ఆ ఇంటికే వచ్చిన కోడలు. మన ఆఫీసు కంప్యూటర్లో పేరు గడి ఉందిగానీ సభ్యత్వ నంబరు గడి లేదు. కోడలు కట్టిన మూడు వాయిదాలు అత్త పేరున పడ్డాయి. బాకీదారుల జాబితా చదివిన రోజు అందరి ముందూ కోడలి పేరు వినిపించింది. ఆమె ఏం మాట్లాడకుండా ఇంటికెళ్లి పాస్ పుస్తకం తెచ్చి, "నేను కట్టలేదా? ఈ సంతకం ఎవరిది మరి?" అని అడిగింది. చేత్తో రాసిన పుస్తకం నిజం చెప్పింది, మన కంప్యూటర్ తప్పు చెప్పింది.

ఆ తప్పు అంకెలు ఎక్కించిన అమ్మాయిది కాదు. నంబరు లేకుండా గళ్లు గీయించిన మాది. అందుకే పట్టికలన్నీ మళ్లీ గీయాలని తీర్మానం చేశాం. గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుందనీ, దానికి ఏడాదికేడాది డబ్బు కట్టాలనీ ఒకరు వచ్చి చెప్పారు. పాలకవర్గంలో పెద్దక్క ఒకామె వెంటనే, "గీతలు గీసుకోడానికి కూడా కిస్తీ కట్టాలా?" అంది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మేం వెనక్కి వెళ్లి చదువుకున్నదే ఈ వ్యాసం.

కరణం గారి గళ్లు

పట్టిక మనకు కొత్తది కాదు. షావుకారు దగ్గర చిట్టా, ఆవర్జా ఉండేవి. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలో రాసి, దాన్ని మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఊరి కరణం దగ్గర అడంగల్ ఉండేది, తెలంగాణలో పట్వారీ దగ్గర పహాణీ ఉండేది. అడంగల్‌లో ఒక తెలివి చూడండి. పొలాన్ని గుర్తుపట్టేది రైతు పేరుతో కాదు, సర్వే నంబరుతో. రైతు చనిపోవచ్చు, పొలం అమ్ముకోవచ్చు, ఒకే పేరుతో ఊళ్లో నలుగురు ఉండొచ్చు. సర్వే నంబరు మాత్రం పొలాన్ని వదలదు. పొలం పంచుకుంటే ఆ నంబరుకే తోక తగిలించేవారు. ఇప్పుడు కంప్యూటర్ చదువుల్లో 'ప్రైమరీ కీ' అని చెప్పే పాఠం అదే.

కానీ ఆ గళ్లలో ఏముందో కరణానికే తెలిసేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసే దాకా చాలా ఊళ్లలో ఆ పుస్తకం ఒక ఇంటి సొత్తులాగే నడిచింది. గళ్లు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్లది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

1970: ఒక మాట ఒక్క చోటే

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా అమర్చేవారు. అమెరికా వాళ్లు చంద్రుడి మీదికి పంపిన రాకెట్ విడిభాగాల లెక్క కోసం ఐబీఎం కంపెనీ 1960లలో చేసిన ఐఎంఎస్ అలాంటిదే. ఏ కొమ్మలో ఏముందో తెలిసిన నిపుణుడే అందులోంచి జవాబు తీయగలడు.

అదే కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే గణిత శాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసం రాశాడు. సమాచారాన్ని మామూలు పట్టికల్లో, అడ్డ వరుసలు నిలువు వరుసలుగా పెట్టొచ్చు, ఒక పట్టికను ఇంకోదానితో నంబరు ద్వారా కలపొచ్చు అన్నాడు. దాని సారం మన మాటలో చెప్పాలంటే, ఒక సంగతి ఒక్క చోటే రాయాలి. ఒక అక్క ఫోన్ నంబరు నాలుగు చోట్ల రాస్తే, మారినప్పుడు మూడు చోట్ల దిద్ది నాలుగోది మరిచిపోతాం. ఆ మరిచిపోయిన గడే తర్వాత తగాదా తెస్తుంది. ఈ పనికి కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

కాడ్ ఆలోచనను నడిపి చూపించడానికి ఐబీఎంలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం చేశారు. అందులో పట్రీషియా సెలింజర్ అనే ఆవిడ పని గొప్పది. ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి చాలా దారులుంటాయి. వాటిలో ఏది తక్కువ ఖర్చుతో తేలుతుందో కంప్యూటరే లెక్కగట్టుకునే పద్ధతిని ఆవిడ బృందం 1979లో ప్రకటించింది. నేటి డేటాబేసులు చాలావరకు ఆ బాటలోనే నడుస్తున్నాయి. సంతలో నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కునే మనకు ఆ ఆలోచన బాగా అర్థమవుతుంది.

కాకి కాలు గుర్తు

పట్టికలు సరే, వాటిని ఎలా గీయాలి? 1976లో పీటర్ చెన్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. ముందు మన లోకంలో ఉన్న మనుషులు, వస్తువులు ఏవో రాసుకో, వాటి మధ్య సంబంధం ఏంటో గీతతో చూపించు, ఆ తర్వాతే పట్టికలు గీయి అన్నాడు. ఆ కాలంలోనే గోర్డన్ ఎవరెస్ట్ అనే ఆయన వాడిన ఒక గుర్తు బాగా పాకింది. ఒకదానికి ఎన్నో ఉంటే, ఆ 'ఎన్నో' వైపు గీత చివర మూడు వేళ్లు విప్పినట్టు గీస్తారు. దాని పేరే కాకి కాలు. ఒక అప్పుకు ఎన్నో వాయిదాలు ఉంటాయి కాబట్టి వాయిదాల వైపు కాకి కాలు పడుతుంది. ముగ్గులు పెట్టే చేతికి ఇదేం కష్టం కాదు.

ఇదంతా మొదట కాగితం మీదే నడిచింది. 1980లు, 90లలో ఈ బొమ్మలు కంప్యూటర్లో గీసి, వాటి నుంచే పట్టికలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పెద్ద కంపెనీలు, బ్యాంకులు కొనగలిగే ధరలు వాటివి. మన పట్టణాల కోచింగ్ సెంటర్లలో ఆ రోజుల్లో డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్పేవారు. 1992లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వచ్చాక, పట్టికల మధ్య గీతలు తెర మీదే లాగి కలపడం మామూలు ఆఫీసు ఉద్యోగికీ అందింది. అయితే అది కొనుక్కోవాల్సిన సరుకే.

కూతురి పేరు పెట్టిన డేటాబేస్

ధర సంగతి మార్చింది ఉచితంగా పంచిన సాఫ్ట్‌వేర్. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన పోస్ట్‌గ్రెస్, 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేరుతో ఎవరైనా వాడుకునేలా పెరిగింది. 1995లో మైఎస్‌క్యూఎల్ వచ్చింది. దాన్ని చేసినవాళ్లలో ఒకరైన మైకేల్ విడేనియస్ కూతురి పేరు 'మై'. ఆ పాప పేరే డేటాబేస్‌కు పెట్టారు. తర్వాత ఆ కంపెనీ చేతులు మారింది. 2008లో సన్ కంపెనీ కొంది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. చేతులు మారుతున్నప్పుడే విడేనియస్ ఆ ఉచిత కోడ్‌నే తీసుకుని ఇంకో డేటాబేస్ మొదలుపెట్టి, దానికి చిన్న కూతురి పేరు మీద మరియాడీబీ అని పెట్టాడు. మనకు పనికొచ్చే పాఠం ఇక్కడుంది. కోడ్ అందరిదీ అయినప్పుడు, కొట్టు చేతులు మారినా సరుకు ఆగిపోదు.

బొమ్మలు గీసే పరికరాలూ అలాగే చవకయ్యాయి. డీబీడిజైనర్ అనే ఉచిత పరికరానికి వారసురాలిగా మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ వచ్చింది. దాని కమ్యూనిటీ రకం ఉచితం. కాకి కాళ్లతో బొమ్మ గీస్తే దాని నుంచే పట్టికలు తయారుచేస్తుంది. లిబ్రేఆఫీస్‌లో ఉండే బేస్ కూడా ఉచితమే. ఒకే కంప్యూటర్ మీద పని నడుస్తుంటే అది చాలు. ఇద్దరు ముగ్గురు వేరువేరు కంప్యూటర్ల నుంచి ఒకేసారి రాయాలంటే మాత్రం అది ఒక్కటే సరిపోదు. ఇంటర్నెట్‌లోనే గీసుకునే పరికరాలూ ఉన్నాయి. కొంతవరకు ఉచితంగా ఇచ్చి, బొమ్మలు పెరిగాక నెలనెలా డబ్బు అడుగుతాయి.

మన పుస్తకాల దారి

ఇదే కాలంలో మనం ఏం చేస్తున్నామో కూడా చూడాలి. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు సారా మీద లేచారు, ఆ ఉద్యమం వెనకే పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. 2000లో వెలుగు పథకం వచ్చాక సంఘాలు, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు అంచెలుగా నిలబడ్డాయి. ప్రతి అంచెకూ పుస్తకాలు పెరిగాయి: మినిట్స్, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల పుస్తకం, ఆవర్జా, పాస్ పుస్తకం. 2015లో నాబార్డు ఈ-శక్తి పేరుతో సంఘాల లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించడం మొదలుపెట్టింది. పైవాళ్లు అడిగిన లెక్కలు పై యాప్‌ల్లోకి వెళ్తాయి. మన సమాఖ్య సొంత పనులకు, అంటే గోడౌన్ సరుకుకూ, లోపల ఇచ్చుకునే అప్పులకూ, మన పట్టికలు మనమే గీసుకోక తప్పదు.

మేం ఏం చేశాం

ముందు ఏ సాఫ్ట్‌వేరూ తెరవలేదు. గోధుమరంగు చార్టు నేల మీద పరిచి చుట్టూ కూర్చున్నాం. సంఘాలు, సభ్యులు, అప్పులు, వాయిదాలు అని నాలుగు పెట్టెలు గీశాం. సభ్యుల పెట్టెలో మొదటి గడి సభ్యత్వ నంబరు. వాయిదా పడాల్సింది అప్పు నంబరు మీద, పేరు మీద కాదు. ఇక అయిపోయిందనుకుంటుండగా చదువు పెద్దగా లేని ఒక అక్క, "పిల్ల పెళ్లయి వేరే ఊరెళ్లి అక్కడి సంఘంలో చేరితే, నంబరు మారుద్దా? ఇక్కడి బాకీ ఏమైద్ది?" అని అడిగింది. మా ఎవరికీ తట్టలేదు. నంబరు మనిషిదే, సంఘం మారొచ్చు అని తేల్చుకుని, 'సభ్యత్వం' అని ఐదో పెట్టె గీశాం. ఏ సంఘంలో ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానింది అన్నది అందులో ఉంటుంది. ఖరీదైన పరికరం ఉన్నా ఆ ప్రశ్న అక్క నోటి నుంచే రావాలి. తెర ముందు ఒక్కరే కూర్చుని గీసి ఉంటే అది వచ్చేదే కాదు.

తర్వాత పరికరాలకు ఐదు ప్రశ్నలు పెట్టాం. డబ్బు ఒక్కసారా, ఏటేటా, లేక అసలే లేదా? ఇంటర్నెట్ లేని రోజు పని చేస్తుందా? మనం గీసింది బయటికి తీసి వేరే దాంట్లో తెరవొచ్చా? అందరూ చూసేలా బొమ్మ ప్రింటు వస్తుందా? తెలుగు పేర్లు తెలుగులో నిలుస్తాయా?

ఐదో ప్రశ్న దగ్గర దెబ్బ తగిలింది. పరీక్షకు ఎక్కించిన పేర్లన్నీ ప్రశ్నార్థకం గుర్తులైపోయాయి. లోకంలోని లిపులకు ఉమ్మడి నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో 1991లో వచ్చిన మొదటి రూపం నుంచే తెలుగు ఉంది. కానీ పట్టిక గీసేటప్పుడే ఆ పద్ధతి ఎంచుకోవాలి. మేం ఎంచుకోలేదు. అది దిద్దాక పేర్లు వచ్చాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన జాబితాలు మాత్రం మళ్లీ టైపు చేయక తప్పలేదు.

చివరకు చార్టు మీది బొమ్మను వర్క్‌బెంచ్‌లో గీసి, మైఎస్‌క్యూఎల్‌లో పట్టికలు చేశాం. రెండింటికీ లైసెన్సు డబ్బు కట్టలేదు. అలాగని అంతా ఉచితమని చెప్పడం అబద్ధం. అమ్మాయిలకు నేర్పించిన రోజుల కూలి, మళ్లీ టైపు చేసిన శ్రమ, కాపీ దాచుకునే డ్రైవు ఇవన్నీ ఖర్చే. లైసెన్సుకు పోయే డబ్బు నేర్చుకోవడానికి పెట్టాం. నేర్చుకున్నది మన దగ్గరే ఉంటుంది.

ఆ బొమ్మ ప్రింటు సమాఖ్య ఆఫీసు గోడ మీద ఉంది. వచ్చినప్పుడు చూడండి, మీ నంబరు ఏ పెట్టెలో ఉందో అడగండి. కరణం గళ్లు కరణానికే తెలిసేవి. మన గళ్లు సభ్యులందరికీ తెలియాలి. అలా తెలియకపోతే కంప్యూటర్ పెట్టుకున్న ఆఫీసే కొత్త కరణం అవుతుంది.

ఇక ఆ కోడలి సంగతి. ఆమె మూడు వాయిదాలూ ఆమె అప్పు నంబరు కిందికి చేరాయి. జాబితా అందరి ముందూ చదివాం కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పి, మినిట్స్‌లో రాశాం. ఆమె సంతకం చేసే ముందు ఆ వాక్యం రెండుసార్లు చదువుకుంది. తర్వాత పాస్ పుస్తకం మాత్రం కొంగులోనే దాచుకుంది. దాచుకోవాలి కూడా. కంప్యూటర్ వచ్చినా మీ పాస్ పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, ప్రతి వాయిదాకూ సంతకం చేయించుకోండి. ఆ రోజు మనల్ని దిద్దింది అదే.